వనపర్తి హాస్టల్లో ర్యాంకుల బంతి

మొన్న పల్లికాయలు ఒలుచుకుందామని ఆనాటి పేపరు నేలమీద పరిచి కూర్చున్నాను. పేపరని పేరే గాని మొదటి మూడు పేజీల్లో వార్త అన్నది మచ్చుకైనా లేదు, అంతా ర్యాంకులే. అరచేయంత అంకెలు, వాటి కింద బొటనవేలంత ఫోటోలు, ఆ ఫోటోల్లో నిద్రలేక మొహాలు వాచిన పిల్లలు. ఒక పిల్లవాడైతే మూడు కాలేజీల ప్రకటనల్లోనూ ఉన్నాడు, మూడింటిలోనూ అదే గళ్ల చొక్కా, అదే బిత్తర చూపు. తనకు చదువు చెప్పింది ఈ ముగ్గురిలో ఎవరో ఆ పిల్లవాడికైనా తెలుసో లేదో. మన కాలంలో రిజల్టు పేపరంటే చీమల్లాంటి నంబర్ల బారు, అందులో వేలు పెట్టి మన నంబరు వెతుక్కోవడం, దొరికితే ఇల్లంతా పంచదార పంచడం. అంతకు మించి ఎవరూ మన మొహం చూసేవారు కాదు, చూడాలని మనకూ ఉండేది కాదు.

జిల్లా పేజీ తిరగేస్తే మరో వింత. మా దిక్కు రెసిడెన్షియల్ కాలేజీలకు ఎవరో మార్కులు వేసి వరుసగా నిలబెట్టారు, చదువులో ఎవరు మొదలు, ఆటల్లో ఎవరు మొదలు, హాస్టల్ వసతిలో ఎవరు మొదలు అని. ఆ మార్కులు వేసిన మహానుభావులు ఆ హాస్టళ్లలో ఒక పూట తిన్నారా, ఒక రాత్రి పండుకున్నారా, కనీసం స్నానాల గదిలో నల్లా తిప్పి చూశారా అన్నది మాత్రం రాయలేదు. హాస్టల్ వసతిలో మొదటి స్థానం వచ్చిన కాలేజీ పేరు చదివి కాసేపు నవ్వుకున్నాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. వనపర్తిలో నేను నాలుగేళ్లు ఉద్యోగం చేసిన కాలేజీ అది.

అంతలోనే గద్వాల నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. అదే పేపరు ఆమె కూడా చూసింది. "అక్కా, నువ్వు కొలువు జేసిన కాలేజే గదా, హాస్టల్ల ఫస్టొచ్చిందంట. బిడ్డను గా కాలేజీలనే ఏద్దమనుకుంటున్నం. ఎట్లుంటదో జర చెప్పు," అంది. చేతులు మట్టిగా ఉన్నాయి, మళ్లీ మాట్లాడతానని పెట్టేశాను. మట్టి నిజమే, కానీ ఫోను పెట్టేసింది అందుకు కాదు. ఆ హాస్టల్ ఎట్లా ఉండేదో నేను ఇన్నేళ్లలో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు, మా ఆయనకు కూడా.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల ముచ్చట ఇది. నాకప్పుడు ముప్పై నిండలేదు, పెళ్లి కాలేదు, బాటనీలో పీజీ చేసి సర్కారు కొలువు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నదాన్ని. వనపర్తిలో ప్రైవేటు జూనియర్ కాలేజీ ఒకటి పెట్టారని, ఆడపిల్లల హాస్టల్లోనే ఉండి వార్డెన్ పని కూడా చూసుకునే లెక్చరర్ కావాలని తెలిసి, ఇనుప ట్రంకు ఒకటి పట్టుకుని గద్వాల బస్టాండులో బస్సెక్కాను. కాలేజీ అని దిగి చూస్తే మూతపడిన పల్లినూనె మిల్లు. గానుగలు తీసేసిన చోట తరగతులు, పైన బస్తాలు పెట్టే అటక లాంటి హాలులో హాస్టల్. వానాకాలం వస్తే గోడల్లోంచి పల్లిచెక్క వాసన వచ్చేది, ఆకలి మీద ఉన్న పిల్లలకు ఆ వాసన ఎంత పరీక్షో చదువుకున్నవాళ్లెవరికీ తట్టలేదు.

కాలేజీ యజమానిని అందరూ కరస్పాండెంటు సార్ అనేవాళ్లు. ఆయన అంతకుముందు గద్వాల దిక్కు పత్తి విత్తనాల ఏజెంటు. రైతులకు విత్తు ఇచ్చి పంట పండించి, గింజలను పరీక్షకు పంపి, పాసైన వాటికి రంగు సంచులు తొడిగి, ఫెయిలైన వాటిని రైతు ఇంటిముందు దింపి వచ్చిన మనిషి. కాలేజీ పెట్టినా ఆయన బుద్ధి గింజల మీదనే ఉండేది. పిల్లలను కూడా సంచుల లెక్కనే చూశాడు, మొలకెత్తేవి, ఎత్తనివి అని. పుస్తకం అన్నది ఆయన చేతిలో నేను ఒక్కసారి కూడా చూడలేదు గాని, నాలుగు రంగుల కరపత్రం లేకుండా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అయినా ఆ హాస్టల్ను పూర్తిగా తిట్టబుద్ధి కాదు. అరవై మంది ఆడపిల్లలు, ఆదివారం పొద్దున తలస్నానాలు చేసి మిల్లు మిద్దె మీద జుట్టు ఆరబెట్టుకుంటూ ఒకరి జడ ఒకరు అల్లుకునే దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండుతుంది. గేటు పక్కన రూపాయి బిళ్ల వేసే ఫోను ఒకటి ఉండేది, దాని ముందు బారు తీరి నిలబడి, ముందున్న పిల్ల తల్లితో మాట్లాడుతూ ఏడుస్తుంటే వెనకున్న పిల్లలు కూడా ఊరికే కళ్లు తుడుచుకునేవాళ్లు. ఇంటి నుంచి వచ్చిన సద్దరొట్టెలూ నువ్వుల ఉండలూ ట్రంకుల్లో దాచుకుని, దాచినట్టు అందరికీ తెలిసేలా దాచుకుని, చివరికి అందరూ కలిసే తినేవాళ్లు. ఆ పిల్లలకు పంచుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. పంచకుండా తినడం ఎట్లాగో మేమే నేర్పాం.

అది ఎట్లా నేర్పామో చెబుతాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం పరీక్ష. సోమవారం పొద్దున అన్నాల గది తలుపు మీద ర్యాంకుల జాబితా. ఆ వారమంతా పిల్లలు అదే వరుసలో నేలమీద బంతికి కూర్చోవాలి, మొదటి ర్యాంకు పొయ్యి దగ్గర, అరవయ్యో ర్యాంకు తలుపు దగ్గర. వడ్డన మొదటి ర్యాంకు నుంచి మొదలు. వెనకబడిన పిల్లకు కూర అందకపోతే మరుసటి వారం అదే ముందుకొస్తుందట, ఇది కరస్పాండెంటు గారి విద్యాసిద్ధాంతం. ర్యాంకును బట్టి బెంచీలు వేసిన కాలేజీలున్నాయి, సెక్షన్లు చేసిన కాలేజీలున్నాయి, కంచం దాకా తెచ్చిన ఘనత మాత్రం మాదే. దీన్ని ఆయన కరపత్రంలో క్రమశిక్షణాయుత భోజన విధానం అని అచ్చు వేయించాడు, తల్లిదండ్రులు చదివి తలూపారు.

జాబితా చేతబట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచి కూర్చోబెట్టింది నేనే. నలభయ్యో పిల్ల దాటేసరికి కూరగిన్నెలో గరిటె చప్పుడు మారేది. పప్పులో నీళ్లు పడేవి. కర్ణాటక సరిహద్దున గట్టు మండలం దిక్కు నుంచి వచ్చిన పిల్లలు కొందరు చాలు అనడానికి సాకు సాకు అనేవాళ్లు, విని విని అందరికీ ఆ మాటే అలవాటైంది. బంతి తొలి సగంలోనే ఆ మాట వినిపించేది, తలుపు దగ్గర కూర్చున్నవాళ్లకు దానితో ఏనాడూ పని పడలేదు.

ఆ చివరన, కొన్ని వారాలు యాభై తొమ్మిది, మిగతా అన్ని వారాలూ అరవై, ఒకే పిల్ల కూర్చునేది. అచ్చంపేట దాటి నల్లమల లోపలి పెంట, అంటే చెంచుల గూడెం, అక్కడి నుంచి వచ్చిన పిల్ల. ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియంలో పది పాసైతే, కరస్పాండెంటు పిలిచి మరీ ఉచితంగా సీటిచ్చాడు. దయతో కాదు, కరపత్రం రెండో పేజీలో అడవిబిడ్డకు అక్షరవెలుగు అని ఆ పిల్ల ఫోటో వేసుకోవడానికి. ఫోటో దిగిన మర్నాడే ఇంగ్లీషు మీడియంలో పడేసి, ఆ తర్వాత ఆమె ముఖం వైపు చూసినవాడు కాదు. ఆ పిల్ల నా బాటనీ క్లాసులో ఆకు నలిపి వాసన చూసి చెట్టు పేరు, పూత నెల, ఏ పూతకు ఏ తేనె రుచి వస్తుందో చెప్పేది, నాకు తెలియనివి చెప్పేది. ఆదివారం పరీక్షలో ఆకులు ఇవ్వరు గదా, లాటిన్ పేర్లకు స్పెల్లింగులు అడుగుతారు. అందుకని పీజీ చేసిన నేను జాబితా పట్టుకుని నిలబడేదాన్ని, చెట్టు తెలిసిన పిల్ల నీళ్లపప్పుతో తినేది.

వంట చేసేది వనపర్తి ఊళ్లోని ఒక సాయిబుల ఇంటావిడ, పిల్లలంతా చిన్నమ్మను పిలిచినట్టు ఖాలా అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచేదాన్ని. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు, చేతిలో గరిటె ఉంటే మాత్రం పరుగే. ఒకనాడు బియ్యం ఏరుతూ నాతో, "మేడం, ఆ ఆఖరు పోరి మూడు నెలల సంది కూర తింటలేదు. మీరు సూస్తలేరా?" అని అడిగింది. చూస్తూనే ఉన్నానని చెప్పడానికి నోరు రాక, రూలు ఖాలా అన్నాను. ఆమె నన్ను అదోలా చూసి మళ్లీ రాళ్లు ఏరుకుంది.

రెండో ఏడు, సెకండియర్ ప్రాక్టికల్స్ అయిపోయిన వారం. సోమవారం గుడ్ల పులుసు చేసేవాళ్లు. అరవై మందికి నలభై గుడ్లే తెప్పించేవారు, అది కూడా సిద్ధాంతంలో భాగమే. ఆ సోమవారం ఖాలా గిన్నె చంకన పెట్టుకుని వంటింట్లోంచి వచ్చింది, మొదటి ర్యాంకు దగ్గర ఆగలేదు. పదో ర్యాంకు దగ్గరా ఆగలేదు. కుంటుకుంటూ బంతి పొడవునా నడిచి తలుపు దగ్గరికి పోయి, అడవి పిల్ల కంచంలో గుడ్డు వేసి, అక్కడి నుంచి వెనక్కి వడ్డించుకుంటూ వచ్చింది. ఆ పిల్ల గుడ్డు వైపు కాదు, నా వైపు చూసింది, తినొచ్చా అని. నేను జాబితాలోకి తలదించుకున్నాను. పొయ్యి దగ్గరి ఇరవై మందికి ఆనాడు వట్టి పులుసు దక్కింది.

మొదటి ర్యాంకు పిల్ల కల్వకుర్తి నుంచి వచ్చింది, తండ్రిది బట్టల వ్యాపారం. సాయంత్రమే ఆ పిల్ల రూపాయి ఫోనులో తండ్రికి చెప్పింది, మర్నాడు పొద్దున్నే కరస్పాండెంటు దిగాడు. అన్నాల గదిలో పిల్లలందరినీ ర్యాంకుల వరుసలోనే నిలబెట్టి, మొలకెత్తని గింజలను చూసినట్టు చివరి నుంచి చూసుకుంటూ వచ్చి, నా ముందు ఆగి, "మీరు చెప్పిన్రా మేడం, గట్ల వడ్డియ్యమని?" అన్నాడు.

అవును అంటే సరిపోయేది. పబ్లిక్ పరీక్షలు నెల దూరంలో ఉన్నాయి, బాటనీ చెప్పే మనిషి వనపర్తిలో మరొకరు లేరు, నన్ను తీసేసే ధైర్యం ఆయనకు లేదని నాకు తెలుసు. అన్నీ తెలిసి కూడా, లేదు సార్, నాకు తెల్వదు అన్నాను. ఖాలా గరిటె కింద పెట్టి కొంగుకు చెయ్యి తుడుచుకుంది. "మేడంకు తెల్వదు సార్," అంది. "నాకే తెలుసు." ఆ మాటలో కోపం లేదు, ఉంటే బాగుండేది. మధ్యాహ్నం వంట ఇంకెవరో చేశారు.

రెండు రోజుల తర్వాత ఆ పిల్ల సంచి సర్దుకుని నా గది ముందు నిలబడింది. "నాకు గుడ్డేసినందుకు ఖాలా కొలువు వాయె. నేనుంటే ఇంకెవల్లదన్న పోతది మేడం," అంది. పరీక్షలు ముంచుకొస్తున్నాయి, ఇప్పుడు పోతే ఎట్లా అని నేను మందలించాను. ఇంటి దగ్గరే చదువుకుంటానని, అచ్చంపేటలో వాళ్లు తేనె అమ్మే కిరాణా దుకాణం ఒకటుందని, వారం వారం సంతకు వాళ్ల నాయన వెంట అక్కడికి వస్తానని చెప్పింది. "హాల్ టికెట్ వచ్చినంక ఆడ కబురు జెప్పుండ్రి, నేనొస్త," అంది. తప్పకుండా చెబుతానన్నాను. గేటు దాకా పోయి బస్సెక్కించి మరీ చెప్పాను.

హాల్ టికెట్లు వచ్చాయి. కరస్పాండెంటు కట్ట విప్పి, ఆ పిల్లది తీసి, నాకిచ్చి, దీన్ని లోపల పెట్టుండ్రి అన్నాడు. నేను కబురు మాట ఎత్తితే ఆయన నవ్వాడు. రాస్తే ఫెయిలయ్యే పిల్ల రాయకపోతే నష్టమేంది, ఈసారి పర్సెంటేజీ మీద కరపత్రం వేస్తున్నాం అన్నాడు. నాకప్పుడు మొత్తం అర్థమైంది, అర్థమైన తర్వాత కూడా సొరుగు తెరిచి అందులో పెట్టాను. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్, అక్కడి నుంచి అచ్చంపేట, రెండు బస్సులు, పొద్దున పోతే చీకటి పడకముందే తిరిగి రావచ్చు. ఆదివారం పోదామనుకున్నాను, ఆదివారం పరీక్ష పెట్టాలి గదా అనుకున్నాను. మనిషికి పోవాలని లేకపోతే సాకులకేం తక్కువ.

మొదటి పరీక్షనాడు పిల్లలను సెంటరుకు తోలుకపోయి, వాళ్ల వాళ్ల చోట్లు చూపిస్తుంటే, కిటికీ పక్క బెంచీ మీద ఆ పిల్ల నంబరు అతికించి ఉంది. బెల్లు కొట్టేదాకా ఆ బెంచీ వైపే చూశాను. అప్పుడు కూడా నాకొక పిచ్చి ఆశ, ఎట్లాగో తెలుసుకుని వస్తుందేమోనని.

ఫలితాలు వచ్చిన వారం మా కాలేజీ కరపత్రం ఊరూరా పంచారు. నూటికి నూరు శాతం ఉత్తీర్ణత. దాని పక్కన భూతద్దం పెడితే గాని కనపడనంత చిన్నగా, హాజరైన వారిలో అని. ఆ చిన్న అక్షరాలు ఎవరి కోసం వేశారో ఎవరూ అడగలేదు. నాకు ఉత్తమ వార్డెన్ అని శాలువా కప్పారు, నేను కప్పించుకున్నాను.

ఆ వేసవిలో, శాలువా పెట్టెలో పెట్టాక, అప్పుడు పోయాను అచ్చంపేటకు. కిరాణా దుకాణం వెతికితే తేలిగ్గానే దొరికింది. దుకాణం ఆయన పెద్దమనిషి, కుర్చీ వేసి నీళ్లిచ్చి, నేను ఎక్కడి నుంచి వచ్చానో చెప్పగానే, "అయ్యో, ఎంత ఆలస్యంగ వచ్చిన్రమ్మా," అన్నాడు. ఆ నెలంతా ఆ పిల్ల ప్రతి సంతకూ వచ్చిందట. తేనె డబ్బా దింపి, వనపర్తి నుంచి కబురేమన్నా వచ్చిందా అని అడిగేదట. పరీక్షల వారంలో అయితే సంతతో పని లేకుండా రెండుసార్లు నడిచి వచ్చిందట. ఆ తర్వాత రావడం మానుకుంది, తండ్రి ఒక్కడే వస్తున్నాడు. పెంటకు దారి చెబుతాను, జీపులు పోతాయి అన్నాడాయన. నేను నీళ్లు తాగి, బస్సుకు వేళైందని లేచి వచ్చేశాను. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది.

మరో రెండేళ్లు అక్కడే పనిచేశాను, అది కూడా దాచుకోనక్కర్లేదు. ఖాలా తర్వాత బస్టాండు దగ్గర బజ్జీల బండి పెట్టుకుంది. ఎదురుపడితే బాగున్నారా మేడం అనేది, పొట్లంలో ఒక బజ్జీ ఎక్కువ వేసేది, దాన్ని నేను తినలేకపోయేదాన్ని. కొలువు మానేసిన రోజు సొరుగులోంచి ఒక్క కాగితమే తెచ్చుకున్నాను. ఆ హాల్ టికెట్ ఇప్పటికీ నా ట్రంకులో ఉంది, ఫోటోలో ఆ పిల్ల గట్టిగా నూనె పెట్టి దువ్విన రెండు జడలతో, కెమెరాకు భయపడకుండా చూస్తుంటుంది. కరస్పాండెంటును తిట్టుకోవడం నాకు చాలా ఏళ్లు బాగా పనికొచ్చింది. ఆయన గింజల వ్యాపారి, తనకు తెలిసిందే చేశాడు. జాబితా పట్టుకుని నిలబడ్డది మాత్రం చదువు చెప్పేదాన్ని, నేను.

సాయంత్రం చెల్లెలికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. మొదటిసారి చెప్పాను. అంతా విని, "గిప్పుడు గట్ల లేదంట అక్కా. టాప్ బ్యాచోళ్లకు ఏసీ రూములు, మెస్సు గూడ వేరేనంట. మన పోరి మంచిగనే సదువుతది గదా," అంది. మంచిగా చదవని పిల్లలు ఎక్కడ తింటారని అడిగితే, అది అడగలేదంది.

అవును, అట్లా లేదు. మిల్లు కూలగొట్టి ఐదంతస్తులు లేపారట, కిందికి పైకి లిఫ్టు, గేటు దగ్గర రూపాయి ఫోను లేదు, వారానికోసారి వీడియో కాలట. బంతి కూడా లేదు. ఆ బంతి సిగ్గుమాలిన పనే గాని, అరవై మందీ ఒకే గదిలో ఒకే నేల మీద కూర్చునేవాళ్లు, చివరన ఎవరున్నారో అందరికీ కనపడేది. అందుకనే కుంటి మోకాళ్ల మనిషి ఒకామె అటు చివరి నుంచి వడ్డించుకుంటూ రాగలిగింది. ఇప్పుడు రెండు మెస్సులకు మధ్య గోడ కట్టారు. ఖాలా ఉన్నా, గిన్నె చంకన పెట్టుకుని ఆ గోడలోంచి ఎట్లా నడుస్తుంది?

సీటు మాట్లాడడానికి పోతున్నాం, నువ్వు కూడా రా అంది చెల్లెలు, పదిగంటలకు రమ్మన్నారట, అంతా తిప్పి చూపిస్తారట. వస్తానన్నాను. పదింటికి వద్దు, అన్నాల వేళకు పోదాం, ముందు ర్యాంకు రాని పిల్లలు తినే దిక్కు పోదాం అన్నాను.